చూపు వెళ్ళిన దారి

షాహిదా అప్పటికి రెండో జాకెట్టుకు చేతులు అతుకుతోంది. ముప్పాళ్ళ పెళ్ళివాళ్ళు సాయంత్రానికి వస్తామన్నారు. మిషను పక్కనే మంచం మీద మామ అబ్దుల్ మజీద్ వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఒకప్పుడు బరంపేటలో ఎవరి ఒంటి మీద చొక్కా చూసినా అది ఆయన కత్తిరించిందే. కొడుకు చనిపోయాక కోడల్ని పుట్టింటికి పంపకుండా, తన స్టూలు మీద కూర్చోబెట్టి పని నేర్పాడు. కుట్టు వంకర పోతే తిట్టేవాడు కాదు, మాట్లాడకుండా విప్పి చేతికిచ్చేవాడు. ఆ మౌనాన్ని ఆమె కోపమనుకునేది. పక్షవాతంతో ఆయన మంచాన పడ్డాక అన్నం కలిపి తినిపించడం, పక్క మార్చడం ఆమె వంతైంది. చెయ్యాలి గనుక చేస్తున్నాననే అనుకుంది తప్ప, అందులో ప్రేమ ఉందని ఏనాడూ అనుకోలేదు.

ఎండ ముదురుతుండగా హైదరాబాదు నుంచి హిమజ వచ్చింది. కుట్టుమిషన్లు తయారుచేసే కంపెనీ పంపిన అమ్మాయి. మిషనులో ఏం మార్పు కావాలని అడిగితే మనుషులు మర్యాదకు ఏదో చెబుతారట. అందుకని అడగడం మానేసి, పని చేస్తున్నప్పుడు కళ్ళు ఎక్కడ ఆగుతున్నాయో చూస్తున్నారట. ఆమె ఇచ్చిన కళ్ళజోడు అంచున చిన్న చిన్న కెమెరాలున్నాయి. షాహిదా అది పెట్టుకుని ఎప్పటిలాగే కుట్టుకుంటూ పోయింది.

కాసేపటికి హిమజ లాప్‌టాప్ షాహిదా వైపు తిప్పి చూపించింది. తెర మీద తన చేతులే, తన సూదే. వాటి మీద ఒక ఎర్రచుక్క పాకుతోంది. అది తన చూపట. షాహిదా తెర దగ్గరికి వంగింది. ఇన్నాళ్ళూ తనలోంచి బయటికి వెళ్ళినదేదో ఇవాళ ఎదురుగా వచ్చి నిలబడినట్టుంది. చుక్క సూది మీద నిలిచింది, గుడ్డ అంచు వెంట పరుగెత్తింది, దారం ఎక్కించే చోట తడబడింది. కుట్టు చివరికి రాగానే మంచం మీదికి దూకి, మామ ఛాతీ మీద ఆగింది. ఛాతీ లేచి దిగాకే తిరిగి సూది దగ్గరికి వచ్చింది. ప్రతి కుట్టు చివరా అంతే.

"నేను సూది తప్ప ఏందీ చూళ్ళేదమ్మా," అంది షాహిదా.

"చూశారండీ," అంది హిమజ మెల్లగా.

మజీద్ తనకూ చూపించమని కుడిచెయ్యి ఎత్తాడు. హిమజ లాప్‌టాప్ ఆయన ముఖం దగ్గరికి తెచ్చి పట్టుకుంది. చుక్క తన గుండె మీద వాలినప్పుడల్లా ఆయన పెదాలు కదిలాయి.

"చూపుక్కూడా కుట్టు పడిద్దని నాకు తెలీదమ్మా," అన్నాడు, ముద్దముద్దగా.

హిమజ వెళ్ళిపోయింది. మజీద్ పెరుగన్నం ఇష్టంగా తిని నిద్రపోయాడు. మసీదు నుంచి సాయంత్రపు అసర్ నమాజు పిలుపు వినిపించే వేళకు షాహిదా ఆఖరి జాకెట్టు అంచు పూర్తిచేసి మంచం వైపు చూసింది. ఈసారి చూస్తున్నానని ఆమెకు తెలుసు. ఛాతీ లేవలేదు. చక్రం మీద చెయ్యి వేసి మిషను ఆపి, మళ్ళీ చూసింది. చాలాసేపు అలా చూస్తూనే ఉండి, లేచి వెళ్ళి సగం తెరుచుకుని ఉన్న ఆయన రెప్పలు మూసింది.

ఆయన జనాజా ఖబరస్తాను వైపు కదిలాక ఇల్లు ఖాళీ అయింది. మంచాన పడ్డా ఆయన మెడలోంచి తియ్యనివ్వని కొలతల టేపు తలగడ పక్కన ఉండిపోయింది, అంకెలు అరిగి, మెడ వంపు ఇంకా అందులో నిలిచి.