ఓవర్ చెప్పని గొంతు

ఆదివారం వచ్చిందంటే సైకిల్ షాపు పైగదిలో రేడియో సంఘం కూడుతుంది. సభ్యులు వంతులవారీగా మైకు పట్టుకుని ఎక్కడెక్కడి వాళ్ళనో పలకరిస్తారు. మాట్లాడినవాళ్ళ గొంతు గాలిలోకి వెళ్ళిపోతుంది. చివర్లో "ఓవర్" అంటే తిరిగొస్తుంది. అది వచ్చేదాకా మనిషి నోరు తెరిచినా మాట రాదు. మరీ దూరం వెళ్ళిన గొంతైతే సాయంత్రం టీ వేళకి గానీ ఇల్లు చేరదు. సభ్యుల భార్యలకి ఆదివారమంటే అందుకే అంత ఇష్టం.

సంఘం పెట్టింది గడియారాల మేస్త్రి. పెట్టిన కొత్తలోనే, ఓ పొగమంచు రోజున, దారి తప్పిన పడవ కోసం మైకందుకుని "రాళ్ళున్నాయి, ఎడమకి తిప్పండి!" అని అరిచాడు. కంగారులో ఓవర్ అనడం మరిచాడు. ఆ పడవా రాలేదు, ఆయన గొంతూ రాలేదు. అప్పటికి ఆయన కూతురు ఇంకా తల్లి కడుపులోనే ఉంది. 'ఓవర్ మరవొద్దు' అని సంఘం గోడ మీద ఎర్రరంగుతో రాసింది ఆయనే.

ఆ కూతురు ఇప్పుడు దర్జీ, సంఘంలో సభ్యురాలు కూడా. ఆమె మొగుడు పడవ నడిపే సరంగు, పడవలోనూ ఓ రేడియో సెట్టు పెట్టుకున్నాడు. అతను సంఘంలో చేరింది రేడియో మీద ప్రేమతో కాదని వీధి వీధంతా తెలుసు.

ఓ మధ్యాహ్నం పొగమంచు వీధిలోకి కూడా వచ్చేసింది. ఎదురింటి గుమ్మం మాయమైంది. సరంగు రావాల్సిన వేళ దాటిపోయింది. కూతురు మిషన్ మీద సగం చొక్కా వదిలేసి, చీకట్లో తడుముకున్నట్టు మెట్లెక్కింది. తండ్రి అప్పటికే సెట్టు ముందు కూర్చుని ఉన్నాడు, పలకలేని నోటితో.

"ఏమయ్యా, వినిపిస్తోందా? ఎక్కడున్నావ్? ఓవర్."

గొంతు తిరిగొచ్చింది, తడిసి ముద్దై, వణుక్కుంటూ. జవాబు మాత్రం తేలేదు. మళ్ళీ పంపింది. మళ్ళీ ఉత్తి చేతులతోనే వచ్చింది.

"అది భయపడుతోందమ్మాయ్," అన్నాడు కిందనుంచి వచ్చిన సైకిల్ షాపాయన. "ఓవర్ అనగానే సగం దారిలోనే వెనక్కి తిరిగేస్తోంది."

"నేను మాత్రం భయపడట్లేదా బాబాయ్?"

మైకు ఆమె పళ్ళకి తగిలి టకటకలాడుతోంది. ఆమె గోడ మీద ఎర్ర అక్షరాల వైపు చూసింది. తండ్రికి అర్థమైపోయింది. వద్దు వద్దని తల ఊపుతూ మైకుకి చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ చేతిని ఆమె మెల్లగా పక్కకి తీసింది.

"వినవయ్యా మహానుభావా! రాళ్ళ వైపు పోకు. దొరికేదాకా వెతుకుతా. దొరికాక చెప్తా నీ సంగతి!"

అంతే. ఓవర్ అనలేదు. బటన్ వదిలేసింది.

"నాన్నా" అనబోయింది. పెదాలు కదిలాయి, మాట లేదు. ఇక గదిలో మాట్లాడగలిగింది సైకిల్ షాపాయన ఒక్కడే. ఆయన సెట్టు శబ్దం పెంచాడు. సెట్టు బుసకొడుతూనే ఉంది. కిటికీలోంచి మంచు లోపలికి తొంగి చూస్తోంది.

ఉన్నట్టుండి సెట్టు దగ్గింది.

"మామయ్యా! రేవు దీపం కనిపించింది! ఇక్కడెవరో కుర్రాడు, ఎడమకి తిప్పండి అని ఒకటే అరుపు. ఎన్నాళ్ళ నుంచి అరుస్తున్నాడో పాపం, బొంగురుపోయాడు. వాణ్ణి వెంటబెట్టుకొచ్చింది మీ అమ్మాయి గొంతే. ఆ తిట్లు వినాలి మీరు! ఇద్దరికీ ఓవర్ చెప్పే దిక్కు లేనట్టుంది, నేనే చెప్పేస్తున్నా. ఓవర్. ఓవర్."

కిటికీ రెక్కలు కొట్టుకున్నాయి. మేస్త్రికి పొలమారింది. ఆ తెల్లగడ్డం లోంచి, అల్లుడి గొంతుకన్నా లేత గొంతొకటి, బొంగురుపోయి, ఊడిపడింది.

"బుద్ధుందా నీకు? ఓవర్ చెప్పకుండా పోతావా? నా గతి చూసి కూడానా? ఇంకోసారి ఇలా చేశావంటే కాళ్ళు విరగ్గొడతా!"

పుట్టాక ఆమె విన్న తండ్రి మొదటి మాటలవి. ఆమె గొంతు కూడా వచ్చేసి, చలికి ముడుచుకుని ఎప్పుడో తన చోట కూర్చుంది. అయినా ఆమె నోరు విప్పలేదు, ఆయన ఇంకాస్త తిడతాడేమోనన్న ఆశతో.