తేడా తెలియకుండా

పొద్దున్నే వండిన చేపల పులుసు నాలుక మీద వేసుకుని, అత్తగారు జగదాంబ కళ్లు మూసుకుంది. “అచ్చం మా దమయంతి ఒండినట్టే ఉందే. తేడా తెల్నేదు,” అంది.

మెచ్చుకోలే అది. ప్రమోదిని నవ్వి, గరిటె కడిగే నెపంతో పెరట్లోకి వెళ్లింది.

దమయంతి ధనుంజయ్ మొదటి భార్య. కిడ్నీ జబ్బుతో కన్నుమూసింది. ఆ ఏడు తిరక్కుండానే, ఆ జబ్బుకు పేరుపడ్డ ఉద్దానం ప్రాంతంలో, కవిటిలోని ఈ ఇంటికి ప్రమోదిని వచ్చింది. “ఇంట్లో ఏటీ మార్సకు. అమ్మకి అలవాటు తప్పుద్ది,” అన్నాడు ధనుంజయ్ తొలినాడే. ఉప్పు డబ్బా అక్కడే, కత్తిపీట అక్కడే, వేకువన నీళ్లు మోసే బిందె కూడా అదే. వేసవిలో జీడితోటలో వంగి పిక్కలేరే నడుము మాత్రం కొత్తది. అత్తగారు పరాకున ‘దమయంతీ’ అని పిలిచినప్పుడు మొదట్లో సరిదిద్దేది. తర్వాత పలకడం నేర్చుకుంది. సరిదిద్దడానికి పట్టే ఓపిక కన్నా పలకడానికి పట్టే ఓపిక తక్కువ.

టెక్కలిలో కిడ్నీ రోగుల వివరాలు భద్రపరిచే చిన్న సంస్థలో ఆమె ఉద్యోగం. ఉద్యోగులందరికీ చేసిన రక్తపరీక్షలో, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఆమెకు హద్దు దాటింది. ఆలస్యం చేయకుండా మళ్లీ పరీక్ష చేయించుకోమన్నారు డాక్టరు. ఆ మాట ఈ ఉదయమే భర్తకు చెప్పింది.

“జీడి పని అయ్యాక సూద్దాంలే,” అన్నాడు ధనుంజయ్ బండి తుడుచుకుంటూ. “ఇప్పుడు నువ్వు మంచమెక్కితే పిక్కలెవులేరతారు?”

“ఉద్దానంలో ఎవులికి నేదు ఆ జబ్బు?” అని లోపలినుంచి జగదాంబ అందుకుంది. “దమయంతి ఆకరిదాకా నడుం వంచి పని సేసింది. ఏనాడూ నోరెత్తనేదు.”

ఆఫీసులో మేనేజరు వైకుంఠరావు ఎదురుచూస్తున్నాడు. “రెండేళ్లుగా రానోళ్ల రికార్డులన్నీ వెనక డేటాబేస్‌కి పంపీయమ్మా. ముందు డేటాబేస్ బరువెక్కి నత్తలాగ నడుస్తంది. కానీ కౌంటర్లో సింధూరకి తెలీకూడదు సుమా. పేరు కొడితే, ముందున్నోళ్లయినా ఎనకున్నోళ్లయినా అదే తెర మీద అలాగే రావాల. ఎవులూ గుర్తించకపోతేనే నువ్వు పని బాగా సేసినట్టు.”

ఆ పని నాకు ఇంట్లోనే అలవాటైంది సార్, అనుకుంది ప్రమోదిని. పైకి అనలేదు. రెండేళ్లుగా రానివారిలో ఊరు మారినవారు కొందరు. మిగిలినవారు ఎక్కడికి వెళ్లారో ఉద్దానంలో ఎవరూ అడగరు. ఒక్కొక్క పేరూ ముందు నుంచి వెనక్కి జరిగిపోతుంటే, ఎవరినో చీకటి గదిలోకి చేయి పట్టి నడిపిస్తున్నట్టు అనిపించింది ఆమెకు.

మధ్యాహ్నానికి పని ముగిసింది. సరిచూడటానికి కౌంటర్ దగ్గరికి వెళ్లింది.

“ఏ పేరు కొట్టమంటావక్కా?” అంది సింధూర.

“దమయంతి. కవిటి.” ఆ పేరు తన నోటినుంచే వచ్చింది.

తెర రెప్పపాటులో నిండింది. “ఇదింకా ముందే ఉంది కదక్కా! పంపనేదేటి?”

“పంపేశాను. వెనకనుంచే వచ్చింది.”

“నిజమా! అస్సలు తేడా తెల్నేదు,” అని సింధూర చప్పట్లు కొట్టింది.

ఒక్క రోజులో రెండోసారి విన్న మాట. ప్రమోదిని తెర వైపు వంగింది. దమయంతి మొదటిసారి వచ్చిన తేదీ పక్కన ఎవరో రాసిన వాక్యం: ‘మళ్లీ పరీక్షకు రమ్మన్నాం. జీడి పని అయ్యాక వస్తానంది.’ దాని కింద తర్వాతి తేదీ వానాకాలానిది. ఆపైన అన్నీ డయాలసిస్ తేదీలు, చివర ఖాళీ.

పని ఎక్కడా తప్పలేదు. అదే ఆమెను భయపెట్టింది. రేపు తనూ వెనక్కి జరిగిపోతే, ఆ వంటింట్లో ఉప్పు డబ్బా అక్కడే ఉంటుంది. పులుసు అదే రుచిలో ఉంటుంది. మరొకతె ‘ప్రమోదినీ’ అన్న పిలుపుకు పలకడం నేర్చుకుంటుంది.

సాయంత్రం కవిటి బస్సు వెళ్లిపోయేసరికి ఆమె టెక్కలి ఆసుపత్రిలో రక్తపరీక్ష గది ముందు బెంచీ మీద ఉంది. ఫోన్ మోగింది.

“ఏటే, ఎక్కడున్నావు? మబ్బేసింది, ఎండేసిన పిక్కలు తడిసిపోతన్నాయి. బేగి రా,” అంది జగదాంబ.

“ఇప్పుడు రానత్తా. రక్తమిచ్చి, డాక్టరుతో మాటాడాకే వస్తాను. రేపట్నుంచి తోటలోకి కూడా రాను.”

అవతల ఉరుము ఉరిమింది. “మరి పొయ్యెవులు ఎలిగిత్తారు? పిక్కలెవులు ఎత్తుతారు? ఇల్లెలా గడుత్తాది?”

లోపలినుంచి నర్సు పిలిచింది, ‘ప్రమోదిని’ అని. ఆమె లేచి నిలబడి చీర కొంగు సర్దుకుంది.

“ఈ పూట తేడా తెలుత్తాదత్తా.”