కెమెరా తిప్పినా తిరగని మచ్చ

నాకు ఎడమ కన్ను చిన్నప్పటి నుంచీ మసకే. ఏం చూసినా కుడి కంటితోనే. పొద్దున మబ్బులు కమ్ముకొస్తున్నాయని డాబా మీది గది కప్పు ఆదరాబాదరాగా పక్కకు జరిపి, టెలిస్కోపును సూర్యుడి వైపు తిప్పాను. గురి కుదిరిందో లేదో ఓసారి కన్ను పెట్టి చూసి, ఫొటోలు తీశాను.

మధ్యాహ్నం కంప్యూటర్ తెర మీద చూస్తే సూర్యుడి నడిమధ్య బూడిదరంగు మచ్చ. కెమెరాలో దుమ్మయితే కెమెరాతో పాటు తిరగాలి. మబ్బు విడవగానే కెమెరా తిప్పి మళ్ళీ తీశాను. తిరగలేదు. తుడిచినా పోలేదు. అయితే సూర్యుడి మీద పుట్టిన కొత్త మచ్చే! గంతేసినంత పనిచేసి అక్కను పిలిచాను.

అక్క తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి తెర మీదకు వంగింది.

“మచ్చా లేదు, గిచ్చా లేదు. కడిగిన పళ్ళెంలా ఉంది.”

“నీకేమన్నా కళ్ళు పోయాయా? నడిమధ్య అంత మచ్చ ఉంటేనూ!”

“అరవకు. ఇంతకీ నీ చొక్కా జేబులో ఆ మూతేంటిరా?”

తడుముకున్నాను. టెలిస్కోపు పక్కన గురి చూసే చిన్న గొట్టం ఉంటుంది. పెద్దదానికున్న, ఎండను ఆపే నల్లద్దం దానికి లేదు కాబట్టి పగలు దాని మూత తీయనే కూడదు. ఇది ఆ మూతే. నిన్న రాత్రి చంద్రుణ్ణి చూడటానికి తీసి, జేబులో వేసుకున్నాను.

“పొద్దున దాంట్లోంచి చూసినప్పుడు నొప్పేమీ పుట్టలేదే,” అన్నాను.

“నొప్పేంటి? ఏమైందిరా?”

తలెత్తి అక్క వైపు చూశాను. జుట్టు కనిపించింది, భుజాలు కనిపించాయి. మొహం ఉండాల్సిన చోట ఆ మచ్చ ఉంది.