బేబి దొంగ పందెం

మధ్యాహ్నం భోజనాలయ్యేక గణపతి అరుగు మీద చాప పరిచి పేక కలిపేవాడు. మస్కట్‌లో డ్రైవరు పని, రెండు నెలల సెలవు మీద అల్లవరం వచ్చేడు. అక్కడి క్యాంపులో నేర్చిన పోకర్ పేకాటని భార్య బేబికి నేర్పుతున్నాడు. పందెం చింతపిక్కలే.

"చేతికి అయిదు ముక్కలు. అక్కర్లేనివి ఒక్కసారి మార్చుకోవచ్చు. ఒక జత కన్నా రెండు జతలు గొప్ప, వాటికన్నా ఒకే అంకెవి మూడు. వరసగా అయిదొస్తే దానిమీద. అయిదూ ఇస్పేట్లే గానీ, ఆఠీన్లే గానీ అయితే ఇంకా పైన."

"రమ్మీలాగే ఉందండి."

"కాదే. ఇందులో చేతిలో ఏమీ లేకపోయినా పందెం పెంచొచ్చు. ఎదుటివాడు భయపడి ముక్కలు పడేస్తే నువ్వే గెలిచినట్టు. నీవి చూపించక్కర్లేదు."

బేబి గుప్పెడు పిక్కలు ముందుకి తోసింది. అరుగంతా సంపెంగ వాసన గుప్పుమంది.

"దొంగ పందెం కాసేవేంటే?" లోపల్నించి అత్తగారు సుబ్బమ్మ కేకేసింది. బేబి అబద్ధమాడితే సంపెంగ వాసన రావడం ఆ ఇంట్లో అందరికీ అలవాటే.

గణపతి చేతిలో మూడు రాణులున్నాయి. అయినా ముక్కలు బోర్లించేసేడు. గెలిచినప్పుడు ఆ పిల్ల నవ్వే నవ్వు కోసం రోజూ అదే పని.

సెలవు అయిపోయింది. రావులపాలెం బస్టాండులో హైదరాబాదు బస్సెక్కి, కింద నిలబడ్డ బేబిని కిటికీలోంచి అడిగేడు.

"ఇంకో రెండేళ్ళేనే. ఉండగలవా?"

"ఆయ్. నాకేంటండి, నిక్షేపంలా ఉంటాను. వెళ్ళిరండి."

బేబి కన్నయినా తడవలేదు. కానీ బస్సంతా సంపెంగ వాసన. ముందు సీటావిడ పూలెవరివా అని వెనక్కి తిరిగి చూసింది.

గణపతి కిటికీ ఊచ పట్టుకుని ఉండిపోయేడు. 'నేను నిక్షేపంలా ఉన్నాను' అని నాలుగేళ్ళుగా ప్రతి ఉత్తరంలోనూ రాసేది బేబి. కాయితానికి ఆ వాసన ఉండదు. ఫోనుకీ ఉండదు. ఎదురుగా ఉన్న ఈ రెండు నెలల్లో తనే ఒక్కసారీ అడగలేదు.

సూట్‌కేసు తీసుకుని దిగేడు.

"అదేంటండి! బస్సు కదిలిపోతోంది."

"పోయినసారి నేను వెళ్ళేక ఏమైంది?"

బేబి తలొంచుకుంది.

"మూడో నెలలో కడుపు పోయిందండి. మీకు చెప్పొద్దని అత్తయ్యగారి చేత నేనే ఒట్టు వేయించుకున్నాను."

ఈసారి డీజిలు పొగ తప్ప ఏ వాసనా లేదు.

ఆ నెలాఖరుకి గణపతి రావులపాలెంలోనే అరటి గెలల లారీకి డ్రైవరుగా కుదిరేడు. జీతం మస్కట్‌లో దాంట్లో సగం కూడా లేదు. దీపాలవేళకి ఇల్లు చేరి, కాళ్ళు కడుక్కుంటూనే "ఎలా ఉన్నావే?" అనడిగి, బేబి జవాబు చెప్పేదాకా అక్కడే నిలబడేవాడు.