రెల్లు ముడికి అవతల సిగ్నల్

తప్పు నాదే. ఇంకెవరి నెత్తినా రుద్దను.

మా కొండల్లో నాట్లయ్యాక ఒకరోజు ఎవరూ ఊరు దాటకూడదు. దారి మీద రెల్లు ముడేసి పాతుతాం. దాన్ని దాటితే పైరు ఎలుకల పాలే. ఆ రోజేదో చెప్పాల్సింది ఊరి పెద్దనైన నేను. గురువారమన్నాను.

నా మనవరాలు జొవెలిన్ మొహం వాడిపోయింది. గురువారం తొమ్మిది నుంచి పదకొండు దాకా దానికి పరీక్షట. నెగ్గితే బాగియో పట్నంలో కాలేజీ చదువు ఉచితం, లేకపోతే వాళ్ళమ్మలాగా మడిలో దిగడమే.

"ఫోన్లోనేగా రాసేది? ఇంట్లో కూర్చుని రాయవే," అన్నాను.

సిగ్నల్ ఊరి అవతల కొండమీదే ఉంటుందని మొత్తుకుంది. బడి మూసి పాఠాలు ఫోన్లోకొచ్చిన రెండేళ్లుగా అది రోజూ కొండెక్కుతుంటే, ఎవడితోనే కబుర్లు అని దెప్పినవాణ్ణి నేను. ఒక్కరోజన్నా వెళ్ళి చూశానా? సాకులు చెప్పకన్నాను. నా నోరు పడిపోను.

గురువారం నేను రెల్లు దగ్గర కాపలా కూర్చున్నాను. అది ధాన్యపు కొట్టు కప్పెక్కి ఫోను పైకెత్తి నిలబడింది. పదిన్నరకి దిగొచ్చి ఫోను నా చేతిలో పెట్టింది. తెర మీద చిన్న చక్రం తిరుగుతోంది. ఎంతసేపు చూసినా తిరుగుతూనే ఉంది.

"నేను దాటితే ఊరు నిన్నంటుంది తాతా. నువ్వే చెప్పు," అంది.

అది ఒక్కమాట కూడా అబద్ధమాడలేదు. రెల్లు పీకి పారేశాను.

"పరిగెత్తవే!" అని అరిచాను.

నేను రొప్పుతూ పైకి చేరేసరికి అది బండమీద కూర్చునుంది. పక్కన చిరిగిన గొడుగు, రాళ్ళ కింద తడిసిన నోటుపుస్తకం. చుట్టూ గడ్డి మొలవకుండా నేల నున్నగా అరిగిపోయింది. కబుర్లాడుకునే చోటు కాదది.

"ఎన్ని రాశావమ్మా?"

"నాలుగు."

"ఎన్నిటికి?"

"ఎనభై. పదకొండు కాగానే మూసేశారు."

దాని కంట తడి లేదు. ఏడ్చినా బాగుండేది. ఏడ్చింది నేనే, ముసలివెధవని.

కిందికొస్తే పీకేసిన రెల్లు చుట్టూ ఊరంతా నిలబడి ఉంది. ఊరి పెద్దవై ఉండి నువ్వే ముడి పీకావు, తప్పుకింద నీ పందిని కోసి ఆ కట్టుబాటు రోజు మళ్ళీ పెట్టు అన్నారు. న్యాయమే. ఎప్పుడో చెప్పమన్నారు.

ఈసారి మనవరాల్నే అడిగాను, రేపు పెట్టనా, నీకేమన్నా పనుందా అని.

"ఏ రోజైనా పెట్టుకో తాతా," అంది. "నాకింక ఏమీ లేదు."