పసుపు పడుగు మీద నల్లదారం

పాత పడుగు కొసనుంచి ఒక పోగు, కొత్త పడుగులోంచి ఒక పోగు. రెండింటినీ పక్కపక్కన చేర్చి, కొబ్బరిచిప్పలోని బూడిద అద్దిన రెండు వేళ్ల మధ్య మెలిక తిప్పి, వెనక్కి మడిచి ఇంకోసారి నలిపితే ముడి లేకుండా అతుకు పడుతుంది. ముత్యాలప్ప తిప్పాడు, మడిచాడు, నలిపాడు. తరువాతి పోగు అందుకోబోయి ఆగాడు. పసుపుపచ్చని పట్టు మీద అడ్డంగా ఒక నల్లదారం పడి ఉంది. గోటితో తీయబోయాడు. గోరు గాలిని గీరింది.

అతను లేచి వాకిట్లోకి వెళ్లాడు. నీళ్లు తాగాడు. వీధి చివరకు చూసి, వెనక్కి వచ్చి కూర్చున్నాడు.

"ఏమి మామా, ఊరికూరికే లేస్తాండావు? కింద చీమలుండాయా యేమి?" అంది మూలన కండెలు చుడుతున్న ఇంద్రాణి. ఆ మగ్గం ఆమెది, ఆమె భర్త వీరేష్‌ది.

"కాలు తిమ్మిరెక్కుతాంది పాపా."

"తిమ్మిరి కాలికా, మనసుకా?"

అతను నవ్వి ఇంకో పోగు అందుకున్నాడు.

ధర్మవరంలో మగ్గాలున్న ఇళ్లన్నీ అతనికి తెలుసు. నేత ముగియవచ్చినప్పుడు కబురు వస్తుంది. వెళ్లి, కొత్త పడుగులోని వేల పోగులను ఒక్కొక్కటిగా పాతవాటికి అతికి వస్తాడు. అంతే. ఒక్క చీరా నేయలేదు. అతుకులు పడిన ఆ బెత్తెడు మేర చీరలోకి రాదు కూడా. దాన్ని కోసి పారేస్తారు. తన పనిలో ఏదీ ఏ పెళ్లికూతురి ఒంటి మీదికీ చేరదని అతనికి ఎప్పుడూ దిగులు లేదు. దిగులల్లా కన్ను గురించే, అదీ ఈ మధ్య పట్టుకున్నది.

చక్కెర జబ్బు ముందు కాలి మీద పుండై, మానకుండా ఉండిపోయింది. తరువాత కంటి వెనక్కి వెళ్లింది. అనంతపురంలో డాక్టరమ్మ అతనికి ఓపికగా చెప్పింది. కంటి వెనక పొరలో సన్నని రక్తనాళాలు మూసుకుపోయాయి. నెత్తురందని చోటు ఊరుకోదు. ఒక పదార్థాన్ని వదులుతుంది. పక్క నాళాల గోడల మీద దాన్ని పట్టుకునే గ్రాహకాలుంటాయి. పట్టుకోగానే ఆ గోడలోంచి కొత్త నాళం మొలుస్తుంది.

"మొలిస్తే మంచిదే కదమ్మా?" అన్నాడు ముత్యాలప్ప. ఏది మొలిచినా మంచిదే అనుకునే నేల అతనిది.

"పచ్చి నాళాలు పెద్దాయనా. గోడ గట్టిగా ఉండదు. చిట్లుతాయి, కన్నంతా నెత్తురవుతుంది. ఈ సూదిమందు ఆ పదార్థాన్ని గ్రాహకాల దాకా పోనీకుండా ముందే పట్టేస్తుంది. కాని మందు కరిగిపోతుంది. మళ్లీ మళ్లీ రావాల."

"మరి కాలికాడ?"

"కాలి దగ్గర మొలవాల్సినవి మొలవడం లేదు."

పామిడి దగ్గర తన అన్న చేను అతనికి గుర్తొచ్చింది. నీరు పడనప్పుడల్లా ఇంకోచోట బోరు వేసి, చివరకు నాగలి తిరగడానికి చోటు లేకుండా చేసుకున్నాడు అన్న. పోలిక పూర్తిగా సరికాదు. బోరు వేసేవాడికి ఆశ ఉంటుంది; కంట్లో కణానికి ఆశా లేదు, బుద్ధీ లేదు. కొరత ఉంటే పిలుస్తుంది, పిలుపు అందితే మొలుస్తుంది. ఎవరి పాపమూ కాదు, ఎవరి శాపమూ కాదు. కంట్లో పసరు పోయించుకోమన్నవాళ్లను అందుకే అతను దగ్గరికి రానివ్వలేదు. అయినా తప్పు చేశాడు. మొదటి సూదితో చూపు తేటపడగానే తరువాతి విడతలు మానేశాడు. కంటికి కట్టుతో వీధిలో కనబడితే ఎవరు పిలిచి పట్టు అప్పగిస్తారు?

ఈ రోజు సూదికి అనంతపురం వెళ్లాలనే అనుకున్నాడు. కాని తెల్లవారకముందే వీరేష్ కబురు పెట్టాడు. మధ్యాహ్నానికి ముగించి బస్సెక్కుదామని వచ్చాడు. వచ్చి కూర్చున్న కాసేపటికే ఈ నల్లదారం.

ఎడమ కన్ను మూశాడు, దారం ఉంది. కుడి కన్ను మూశాడు, లేదు. చూపు పక్కకు తిప్పితే దారమూ వెంట జారింది. సరే, ఇక కనబడే నల్లదారాలన్నీ కంట్లోవే, వాటికేసి చేయి చాపకూడదు అని గట్టిగా నిర్ణయించుకున్నాడు. అలా అనుకున్నాక వేళ్లు చురుకుగా కదిలాయి. బూడిద, మెలిక, మడత. బయట హారన్ మోగినప్పుడల్లా బస్సేమోనని వాకిలి వైపు చూశాడు. దారాలు రెండయ్యాయి, నాలుగయ్యాయి. చూడనట్టే అతికాడు.

ఇంద్రాణి మజ్జిగ తెచ్చి పక్కన పెట్టి, వంగి చూసింది.

"మామా, ఈ నల్లపోగును యేమిటికి కలిపినావు?"

వెనకటి చీర నల్ల అంచులోంచి తెగిన ముక్క ఒకటి పసుపు పోగులతో పాటు మెలికపడి ఉంది.

"యేది?"

"యేదంటావేమి? నీ వేలి కిందనే ఉండాది."

అతను వేలితో తడిమాడు. ఈసారి దారం చేతికి తగిలింది.

"కంట్లోదనుకున్న్యా పాపా," అన్నాడు మెల్లగా.

ఆమె వంగి అతని కంట్లోకి చూసింది. "అప్పుడు అనంతపురంలో కంటికి సూది ఏయించుకుంటివే, మళ్లా పోతాండావా?"

"ఇది అయినాక పోతా. ఇంగ కొంచెమే ఉండాది."

"పడుగు యాడికీ పోదు మామా. కన్ను పోతాది. లెయ్." ఆమె వాకిలి వైపు తిరిగి అరిచింది. "ఏమయ్యో, బండి తియ్! మామను బస్టాండుకాడ దించు."

ముత్యాలప్ప లేచాడు. కట్టుకట్టిన కాలిని చెప్పులో ఇరికిస్తూ, "ఇంగొకనితో అతికించొద్దు పాపా. నేనే వచ్చి ముగిస్తా," అన్నాడు.

"నువ్వు వచ్చేదాకా దీన్ని ముట్టనియ్యను, పో."

మాట నిలుపుకుంది. వీరేష్ గొణిగినా మగ్గాన్ని ఖాళీగా ఉంచింది. చివరికి ముత్యాలప్పే ఫోన్ చేశాడు. బస్సు అనంతపురం చేరకముందే కుడి కన్ను నెత్తురుతో నిండిపోయిందట. సూదులు వేశారు, లేజరు పెట్టారు. ఎడమ కంట్లో నడవడానికి చాలినంత చూపు మిగిలింది. పట్టుపోగుకు చాలినంత మిగల్లేదు.

"ఇంగొకరిని పిలుచుకో పాపా," అన్నాడు.

మిగిలిన పోగులను, ఇదే అతుకుల పని చేసే మారుతి అనే ఇంకొకడు వచ్చి అతికిపోయాడు. నల్లముక్కను తీసెయ్యబోతే ఇంద్రాణి వద్దంది. ఎలాగూ కోసి పారేసే చోటే కదా. కొత్త చీర మొదలుపెట్టే ముందు ఆ బెత్తెడు మేర కోసింది గాని పారెయ్యలేదు. మగ్గం పక్కన మేకుకు వేలాడుతోంది: పసుపుపచ్చని పట్టు పేలిక, అందులో వేళ్ల బూడిద వదలని ఒక నల్లదారం.