బూడిదరంగు మాట

టిఫిన్ అవగానే జాయ్సీ లాప్‌టాప్ తెరిచి రంగులు మార్చడం మొదలుపెడుతుంది. వట్లూరులోని ఒక చిన్న ఆఫీసుకి ఆమె ఇంటి నుంచే పనిచేస్తోంది. మండవల్లి వైపు చేపల చెరువుల్లో రైతు ఫోన్ నొక్కితే నీళ్ళకి గాలి ఆడించే ఏరియేటర్లు తిరగాలి. అందుకు కావలసిన ప్రోగ్రాములు రాస్తుంది. రాసే ఎడిటర్‌లో మిషను పాటించే మాటలకి నీలం పెట్టుకుంది. పక్కన తనకోసం రాసుకునే మాటలకి బూడిదరంగు. బూడిద మాటల్ని మిషను పట్టించుకోదు, దాటేసి వెళ్ళిపోతుంది.

ఆమె ఎడిటర్‌లో ఏ రంగులు పెడితే, ఆమె చుట్టుపక్కల మనుషుల మాటలకీ అవే రంగులు వచ్చేవి. మనసులోది నీలంగా, మర్యాదకి అన్నది బూడిదగా, పెదాల ముందు కాసేపు నిలిచి కరిగిపోయేవి. ఎవరూ వింతపడలేదు. పడినా పైకి అనేవాళ్ళు కారు, ఎదుటివాళ్ళ మాట రంగు ఎత్తిచూపడం మావైపు మర్యాద కాదు. "భోంచేసి వెళ్ళండి" అని బూడిదగా పిలిస్తే, "ఇప్పుడే తిన్నామండీ" అని బూడిదగానే చెప్పి, కడుపు మాడ్చుకుని పోయే జనం.

గూడెం నుంచి పెళ్ళి సంబంధం వచ్చినప్పుడు తండ్రి సుందరరావు కూతుర్ని పిలిచాడు.

"అబ్బాయి పేరు నెల్సన్. హైస్కూల్లో మాస్టారు, బుద్ధిమంతుడు. పెళ్ళయ్యాక నువ్వు ఉద్యోగం మానేయాలంటున్నారు. ఏమంటావమ్మా?"

పని మానడం జాయ్సీకి చచ్చినా ఇష్టం లేదు. కానీ పెద్దవాళ్ళ ముందు కాదనడం ఏనాడూ నేర్చుకోలేదు.

"అలాగే డాడీ," అంది.

ఆ మాట బూడిదగా వచ్చింది. సుందరరావు చూశాడు, తల్లి సలోమి చూసింది. ఇద్దరూ కిటికీ వైపు తిరిగి ఎండలు ముదిరాయనుకున్నారు.

చర్చిలో ప్రధానానికి, అంటే నిశ్చితార్థానికి, రోజు కుదిరింది. ఇక జాయ్సీకి కుదురు లేదు. కూర్చుంటే లేచేది, లేస్తే మళ్ళీ లాప్‌టాప్ దగ్గరికే వెళ్ళేది. బూడిదని ముదురు చేస్తే ఇంట్లో 'పర్లేదు'లన్నీ మబ్బు పట్టినట్టయ్యాయి. లేత చేస్తే పొగలా కళ్ళకి అడ్డం పడ్డాయి. మళ్ళీ పాత రంగే పెట్టింది.

"కాలుగాలిన పిల్లిలా ఏంటే ఆ తిరగడం?" అంది సలోమి.

ప్రధానం రోజు పొద్దున సుందరరావు కొత్త చొక్కా వేసుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మా, ఈ పూటకి ఆ బూడిద తీసేసి అంతా నీలం పెట్టకూడదూ? నలుగురూ చూస్తారు."

అంటే ఆయన చూశాడన్నమాట. చూసే ఊరుకున్నాడన్నమాట. జాయ్సీకి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"అలాగే డాడీ," అంది. అదీ బూడిదే.

లాప్‌టాప్‌లో మార్చాల్సింది ఒక్క వరసే. మార్చేసింది. "మమ్మీ, నాకీ చీర బాగుందా?" అని కేకేసింది. "చాలా బాగుందే," అంది సలోమి నీలంగా. అది నిజమో, మాటవరసకి అన్నదో తెలియలేదు. జాయ్సీకి భయమేసింది. కాసేపట్లో ఆ అబ్బాయి చెప్పే మాట కూడా ఇలాగే కదా! గబగబా బూడిదని తిరిగి పెట్టి, మూత వేసేసింది.

చర్చిలో యాకోబు పాస్టరుగారు ముందు నెల్సన్‌ని అడిగారు.

"నాయనా, ఈ సంబంధం నీకిష్టమేనా?"

"ఇష్టమేనండీ."

బూడిద. అందరూ చూశారు. నెల్సన్ తండ్రి దగ్గాడు. ముందు వరస ఆడవాళ్ళు పాటల పుస్తకాలు తిరగేశారు. పాస్టరుగారు కళ్ళజోడు తుడుచుకుని జాయ్సీ వైపు తిరిగారు.

"అమ్మా, మరి నీకు?"

నాలుక చివర అలవాటైన మాట సిద్ధంగానే ఉంది. జాయ్సీ నెల్సన్ ముఖం చూసింది. పాపం, అతనికీ కంటినిండా నిద్ర ఉన్నట్టు లేదు.

"పాస్టరుగారూ, ఆయన మాట బూడిదగా ఉందండీ," అంది.

అలాంటి మాట ఆ చర్చిలో ఎవరూ ఎన్నడూ అనలేదు.

"జాయ్సీ!" అన్నాడు సుందరరావు.

"నాదీ బూడిదే డాడీ. మీకు తెలుసు. నాకీ పెళ్ళి ఇష్టం లేదు."

ఆ మాట ఎంత నీలంగా వచ్చిందంటే, పక్కనున్న సలోమి తెల్లచీర మీద కూడా ఆ రంగు పడింది.

నెల్సన్ తలెత్తి, గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. "నాక్కూడానండీ," అన్నాడు నీలంగా.

సుందరరావు బెంచీ మీద కూలబడి భార్య వైపు చూశాడు. ఎప్పట్లాగే సర్దిచెబుతుందని ఆయన ఆశ. సలోమి వచ్చి కూతురి పక్కన నిలబడింది.

"మా పిల్ల కాదంటోందండీ. ప్రధానం లేదు," అంది అందరికీ వినబడేలా.

ఆ మాట ఏ రంగులో ఉందో చూడాలని ఎవరికీ అనిపించలేదు.